వైర్‌లెస్ యాక్సెస్ కంట్రోల్: గేట్‌వే ఎక్కడ బిగించాలి, రిపీటర్ ఎక్కడ పెట్టాలి

"రిపీటర్ కూడా పెట్టించాం. అయినా మూడో అంతస్తు తలుపు మాటిమాటికీ ఆఫ్‌లైన్ అంటోంది. ఇంకో రిపీటర్ కొనాలా?"

కార్డుతో తెరుచుకునే తలుపులను రేడియోతో నడిపే భవనాల నుంచి ఇలాంటి ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. ముందుగా చూడాల్సింది గేట్‌వే, అంటే తలుపులను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె, ఆ చోటే ఎందుకు ఉందన్నది. "అక్కడ నెట్‌వర్క్ పాయింట్ ఉంది కాబట్టి" అనే జవాబు వస్తే సగం సమస్య దొరికినట్టే. గేట్‌వే చోటును తలుపులు నిర్ణయించాలి. కేబుల్‌ను ఆ చోటికి లాగాలి. ఈ వరస తలకిందులైతే ఎన్ని రిపీటర్లు పెట్టినా అతుకులే.

1. ముందు పేర్లు తేల్చుకోండి

ఒకే వస్తువును ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. ఇక్కడ వాడే పేర్లు ఇవి:

- డోర్ యూనిట్: తలుపుకే బిగించే బ్యాటరీ లాక్, లేదా తలుపు పక్కన ఉండి ఎలక్ట్రిక్ లాక్‌ను నడిపే వైర్‌లెస్ డోర్ కంట్రోలర్.
- గేట్‌వే: ఒకవైపు నెట్‌వర్క్ కేబుల్‌తో సర్వర్‌కు, మరోవైపు రేడియోతో డోర్ యూనిట్లకు కలిపే పెట్టె. కొందరు హబ్ అంటారు, కొందరు దీన్నే కంట్రోలర్ అంటారు.
- రిపీటర్: రేడియోలో విన్నదాన్ని మళ్లీ రేడియోలోనే ముందుకు పంపేది. దీనికి నెట్‌వర్క్ కేబుల్ ఉండదు, కరెంటు మాత్రం కావాలి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా వైర్‌లెస్ లాక్‌లు కార్డుల అనుమతులను తమలోనే దాచుకుంటాయి. అందుకే సిగ్నల్ పోయినా తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది. కానీ పోయిన కార్డును మీరు సాఫ్ట్‌వేర్‌లో రద్దు చేస్తే ఆ కబురు లాక్‌కు చేరదు, ఆ కార్డు పనిచేస్తూనే ఉంటుంది. "తలుపు తెరుచుకుంటోంది కదా" అన్నది సిగ్నల్ బాగుందనడానికి రుజువు కాదు.

2. సర్వేకు వెళ్లే ముందు చేతిలో ఉండాల్సినవి

- ప్రతి అంతస్తు ప్లాన్, స్కేలుతో సహా
- తలుపుల పట్టిక: నంబరు, చెక్కా, గాజా, ఇనుమా, ఏ వైపు తెరుచుకుంటుంది
- గోడలు ఇటుకవా, కాంక్రీటువా, జిప్సమ్ బోర్డువా అన్న వివరం
- ఇప్పుడున్న వైఫై యాక్సెస్ పాయింట్ల చోట్లు, వాటి ఛానెళ్లు
- నెట్‌వర్క్ స్విచ్‌లు, యూపీఎస్ ఎక్కడున్నాయో
- పరికరాల మాన్యువల్: ఏ ఫ్రీక్వెన్సీ, ఒక గేట్‌వేకు ఎన్ని తలుపులు, గరిష్ఠంగా ఎన్ని రిపీటర్లు
- ఒక గేట్‌వే, ఒక లాక్, ఒక రిపీటర్: పరీక్ష కోసం

ఫ్రీక్వెన్సీ సంగతి కొనేముందే చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు దాదాపు అన్ని దేశాల్లోనూ నడుస్తాయి. అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ వాడేవి అలా కాదు. యూరప్‌కు 868 మెగాహెర్ట్జ్ పరికరాలు, అమెరికాకు 902–928 పరికరాలు వస్తాయి, భారత్‌లో లైసెన్స్ అక్కర్లేనిది 865–868. ఒక దేశం కోసం చేసినదాన్ని ఇంకో దేశంలో బిగిస్తే చట్టం ఒప్పుకోదు, పైగా అక్కడి మొబైల్ నెట్‌వర్క్‌లతో గొడవ పడొచ్చు.

3. ప్లాన్ మీద తలుపుల నుంచి వెనక్కి లెక్కేయండి

ప్లాన్ మీద ప్రతి తలుపునూ గుర్తు పెట్టండి. ఏవి తప్పనిసరిగా ఆన్‌లైన్‌లో ఉండాలో వాటిని ఎర్రగా చుట్టండి: సర్వర్ గది, నగదు గది, మెయిన్ డోర్ లాంటివి. స్టోర్ గది తలుపు పది నిమిషాలు ఆలస్యంగా కబురు పంపినా కొంప మునగదు. గేట్‌వేకు దగ్గరి చోటు ఎర్రగా చుట్టినవాటికే దక్కాలి.

తర్వాత గేట్‌వే పెడదామనుకున్న చోటు నుంచి తలుపు దాకా గీత గీసి, దారిలో ఏమేం అడ్డొస్తాయో లెక్కపెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారుగా పోయే సిగ్నల్ ఇంత (డెసిబెల్ అంటే సిగ్నల్ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో చెప్పే కొలత):

- జిప్సమ్ బోర్డు గోడ: 3–4 డెసిబెల్స్
- ఇటుక గోడ: 6–10
- కాంక్రీటు గోడ: 10–15, కమ్మీలు దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువ
- ఇనుప తలుపు: 15 పైనే
- వేడిని ఆపే లోహపు పూత ఉన్న గాజు: మామూలు గాజులా కనిపిస్తుంది గానీ కాంక్రీటు గోడతో సమానం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ

ఒక చిన్న లెక్క చూద్దాం. గేట్‌వే 0 డీబీఎం పవర్‌తో పంపుతోంది అనుకోండి (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం). ఏ అడ్డూ లేని చోట 10 మీటర్ల దూరంలో సుమారు −60 డీబీఎం అందుతుంది. దూరం రెట్టింపైతే ఇంకో 6 డెసిబెల్స్ పోతాయి, అంటే 20 మీటర్లకు −66. ఇప్పుడు 10 మీటర్ల దారిలోనే రెండు ఇటుక గోడలు, ఒక్కోటి 8 చొప్పున, పెట్టండి: −76. చివర్లో ఇనుప తలుపు ఉంటే −91. అక్కడ లింకు దాదాపు తెగినట్టే.

ఈ లెక్కలో దూరం రెట్టింపైతే పోయేది 6 డెసిబెల్సే, అడ్డం వచ్చినవి తిన్నది 31. పెట్టె మీద "100 మీటర్ల రేంజ్" అని రాసి ఉంటుంది. అది మైదానంలో మాట.

868 పరికరాలైతే అదే దూరానికి, అదే పవర్‌కు సుమారు 9 డెసిబెల్స్ లాభం ఉంటుంది, గోడల్లోంచి కూడా కాస్త మెరుగ్గా దూరుతుంది. గోడలు మందంగా ఉన్న పాత భవనాలకు నేనైతే ముందు ఆ రకమే చూస్తాను.

4. గేట్‌వేకు చోటు ఎంచుకోవడం

మొదటి నియమం: అంతస్తుకో గేట్‌వే. స్లాబ్ దాటించి పై అంతస్తు తలుపులను కూడా ఒక్కదానితోనే లాగించాలని చూడకండి. పరీక్షలో పట్టినా, కింద ఫర్నిచర్ మారిన రోజు తెగిపోతుంది.

రెండోది: తలుపుల గుంపుకు మధ్యలో, కారిడార్ సీలింగ్‌కు, మనుషుల తలలకంటే ఎత్తున. మనిషి శరీరంలో నీరే ఎక్కువ, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అది పీల్చేస్తుంది. ఉదయం ఖాళీ కారిడార్‌లో బాగున్న లింకు, జనం నిండిన వేళ వీక్ కావడానికి ఇదే కారణం.

మూడోది: చుట్టూ లోహం లేకుండా. డక్ట్, కేబుల్ ట్రే, స్ప్రింక్లర్ పైపు, ఇనుప బీమ్, కరెంటు ప్యానెల్, వీటన్నిటికీ కనీసం అర మీటరు ఎడం ఇవ్వండి. ఫాల్స్ సీలింగ్ పలకలు లోహంవైతే గేట్‌వే పలకల కిందికి రావాల్సిందే. జిప్సమ్ పలకలైతే పైన దాచవచ్చు, కానీ ముందు అక్కడ డక్ట్‌లు ఎలా పోతున్నాయో పలక తీసి చూడండి.

యాంటెన్నా వాలు గురించి చాలామంది పట్టించుకోరు. కర్రలాంటి యాంటెన్నా నుంచి సిగ్నల్ దాని చుట్టూ గాలి నింపిన సైకిల్ ట్యూబ్ ఆకారంలో వ్యాపిస్తుంది. పక్కలకు బాగా పోతుంది, కొన వైపు దాదాపు పోదు. అందుకే యాంటెన్నాను తలుపు వైపు వేలు చూపించినట్టు పెడితే ఆ తలుపుకే అన్నిటికంటే తక్కువ అందుతుంది. ఒకే అంతస్తులో తలుపులుంటే యాంటెన్నా నిలువుగా ఉండాలి. యాంటెన్నా లోపలే ఉండే మోడళ్లలో మాన్యువల్‌లో చూపిన దిశలోనే బిగించండి. సీలింగ్‌కు బిగించాల్సినదాన్ని గోడకు బిగిస్తే ట్యూబ్ నిలువుగా తిరిగిపోతుంది.

పెట్టకూడని చోట్లు:

- సర్వర్ ర్యాక్ లోపల లేదా దాని మీద
- ఇనుప పెట్టె లోపల. పెట్టె తప్పనిసరైతే ప్లాస్టిక్‌ది, లేదంటే యాంటెన్నాను వైరుతో బయటికి తేవాలి
- వైఫై యాక్సెస్ పాయింట్ పక్కనే. రెండు మీటర్లైనా ఎడం ఉండాలి
- లిఫ్ట్ గోడకు ఆనించి
- బయటివాళ్ల చేతికి అందే ఎత్తులో, కాపలా లేని వైపు

చివరిది భద్రత సంగతి. తలుపు తెరిచే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉన్న డోర్ కంట్రోలర్ ఎప్పుడూ లోపలి వైపే ఉండాలి. బయట కార్డ్ రీడర్ ఒక్కటే ఉండాలి. రిలే బయట ఉంటే కవరు విప్పి రెండు తీగలు కలిపినవాడికి కార్డు అక్కర్లేదు.

5. డ్రిల్ ముట్టుకోకముందు తాత్కాలికంగా పెట్టి కొలవండి

కాగితం మీద చేసింది అంచనా మాత్రమే. గేట్‌వేను పొడవాటి కర్రకో స్టాండ్‌కో కట్టి అనుకున్న ఎత్తులో నిలబెట్టండి. కర్ర చెక్కదో ప్లాస్టిక్‌దో అయితే మంచిది. తర్వాత ఈ వరసలో వెళ్లండి:

(అ) అన్నిటికంటే కష్టమైన తలుపు దగ్గర మొదలుపెట్టండి. దగ్గరి తలుపులు ఎలాగూ పాసవుతాయి.

(ఆ) పరీక్ష లాక్‌ను చేత్తో పట్టుకోవద్దు. అది బిగించబోయే తలుపు మీద, అదే ఎత్తులో, అదే వైపు టేపుతో అతికించండి. లాక్‌లో రేడియో ఏ సగంలో ఉందో మాన్యువల్‌లో చూడండి. చాలావాటిలో బ్యాటరీ ఉన్న లోపలి సగంలోనే ఉంటుంది.

(ఇ) తలుపు మూసి కొలవండి. తర్వాత తెరిచి కొలవండి. రెండింటిలో బలహీనంగా వచ్చినదే రాసుకోవాలి.

(ఈ) రెండు దిక్కులా చూడండి. గేట్‌వే మాట లాక్‌కు ఎంత బలంగా వినిపిస్తోంది, లాక్ మాట గేట్‌వేకు ఎంత వినిపిస్తోంది. బ్యాటరీతో నడిచే లాక్ తక్కువ పవర్‌తో పంపే మోడళ్లలో రెండోదే బలహీనంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక్క అంకెనే చూపిస్తుంటే అది ఏ దిక్కుదో తెలుసుకోండి.

(ఉ) గేట్‌వేను 10–15 సెంటీమీటర్లు అటూ ఇటూ జరిపి మళ్లీ కొలవండి. గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లే కాబట్టి ఆ కాస్త జరుపుడుతోనే పది డెసిబెల్స్ తేడా రావచ్చు.

(ఊ) అంకెతో ఆగకండి. సాఫ్ట్‌వేర్ నుంచి తలుపు తెరవమని యాభైసార్లు ఆదేశం పంపి, ఎన్ని తప్పాయో, ఎన్ని ఆలస్యమయ్యాయో చూడండి.

అంకెలను ఇలా చదవండి. తయారీదారు వేరే హద్దు చెబితే అదే పాటించాలి:

- −65 డీబీఎం లేదా అంతకంటే బలంగా: నిశ్చింతగా బిగించవచ్చు
- −65 నుంచి −75: బాగుంది
- −75 నుంచి −82: ఇవాళ పనిచేస్తుంది, రేపటికి హామీ లేదు. గేట్‌వే జరపండి
- −82 కంటే తక్కువ: ఒప్పుకోవద్దు

"తగిలింది కదా, చాలు" అనుకుని −85 దగ్గర బిగించినవాళ్లు రెండు రకాలుగా నష్టపోతారు. తలుపు తరచూ ఆఫ్‌లైన్ అవుతుంది. దానికి తోడు లాక్ ఒకే కబురును మళ్లీ మళ్లీ పంపుతూ బ్యాటరీ తినేస్తుంది. మిగతా తలుపులకంటే ఒక తలుపు బ్యాటరీ ముందే అయిపోతుంటే బ్యాటరీని తిట్టేముందు సిగ్నల్ చూడండి.

6. రిపీటర్ చోటు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తలుపు దగ్గర సిగ్నల్ లేదు కాబట్టి రిపీటర్‌ను తలుపు దగ్గరే పెడతారు. అక్కడ లాక్‌కు వినిపించనిది రిపీటర్‌కు మాత్రం ఎలా వినిపిస్తుంది? తలుపు నుంచి రిపీటర్ దాకా సిగ్నల్ అద్భుతంగా చూపిస్తుంది, అసలు తెగిన ముక్క రిపీటర్‌కూ గేట్‌వేకూ మధ్య ఉంటుంది.

పద్ధతి ఇది. గేట్‌వే దగ్గర నుంచి తలుపు వైపు నడుస్తూ కొలవండి. అంకె −70 దగ్గరికి వచ్చిన చోట ఆగండి. రిపీటర్‌కు అదే ఆఖరి హద్దు, దాన్ని దాటి ముందుకు పోవద్దు. ఆ చోటు నుంచి తలుపుకు −75 లేదా అంతకంటే బలంగా అందితే పని అయినట్టే. అందకపోతే రెండో రిపీటర్ జోలికి వెళ్లే ముందు, గేట్‌వేనే జరపగలమా, ఇంకో గేట్‌వేకు కేబుల్ లాగగలమా అని చూడండి.

ఎందుకంటే రిపీటర్ ఉచితంగా రాదు. ప్రతి కబురునూ రెండోసారి అదే గాలిలోకి పంపాలి, కాబట్టి ఆలస్యం పెరుగుతుంది, ఛానెల్ నిండుతుంది. ఒక రిపీటర్ ఆగితే దాని వెనకున్న తలుపులన్నీ ఒకేసారి పోతాయి. రిపీటర్ వెనక రిపీటర్ పెట్టడాన్ని కొన్ని సిస్టమ్‌లు అసలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా నేను ఒక్కదానితోనే ఆపుతాను. కేబుల్ లాగే వీలుంటే గేట్‌వే, ఏ రకంగానూ లేకపోతేనే రిపీటర్.

రిపీటర్‌తో నయమయ్యే జబ్బు దూరం, అడ్డుగోడలు. పక్క వైఫై గోల వల్ల కబుర్లు పోతుంటే రిపీటర్ ఆ గోలను పెంచుతుంది.

మూల తిరిగే కారిడార్‌లో రిపీటర్ సరిగ్గా మూల దగ్గర, రెండు వైపులా చూపు ఆనే చోట ఉండాలి. పరికరాలే ఒకదాని కబురు ఇంకోటి మోసే మెష్ సిస్టమ్‌లలో బ్యాటరీ లాక్‌లు సాధారణంగా పక్కవాటి కబురు మోయవు, కరెంటుకు కలిపినవే మోస్తాయి. లాక్‌లు ఎక్కువున్నాయి కాబట్టి మెష్ బలంగా ఉంటుందనుకోవద్దు.

రిపీటర్ చెక్‌లిస్ట్:

- గేట్‌వే నుంచి రిపీటర్‌కు −70 లేదా మెరుగు
- రిపీటర్ నుంచి తలుపుకు, తలుపు మూసినప్పుడు −75 లేదా మెరుగు
- ప్లగ్‌లో కాకుండా స్థిరమైన కనెక్షన్. శుభ్రం చేసేవాళ్లు తీసే సాకెట్‌లో అసలు వద్దు
- యూపీఎస్ మీద
- తలుపు ఈ రిపీటర్ ద్వారానే వస్తోందని సాఫ్ట్‌వేర్‌లో చూసి నిర్ధారించుకున్నారు

7. ఛానెళ్లు

868 లేదా 915 పరికరాలైతే వైఫైతో గొడవ లేదు. 2.4లో మాత్రం చూసుకోవాలి. జిగ్బీ (తక్కువ పవర్‌తో నడిచే రేడియో పద్ధతి) తరహా పరికరాలకు 11 నుంచి 26 వరకు 16 ఛానెళ్లు ఉన్నాయి. వైఫై 1, 6, 11 ఛానెళ్ల మీద ఉంటే వాటి సందుల్లో పడేవి 15, 20, 25, 26. కొన్ని పరికరాల్లో 26 మీద పవర్ తగ్గించి ఉంటుంది, మాన్యువల్ చూసి ఎంచుకోండి.

పక్కపక్క గేట్‌వేలకు వేర్వేరు ఛానెళ్లు ఇవ్వండి. పైఅంతస్తు, కిందఅంతస్తు కూడా పక్కవే. భవనం వైఫై "ఆటో" మీద ఉంటే ఈ ప్లాన్ ఎక్కువ రోజులు నిలవదు. నెట్‌వర్క్ వాళ్లతో మాట్లాడి 2.4 ఛానెళ్లను స్థిరం చేయించండి.

8. కరెంటు, కేబుల్

గేట్‌వేకు నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు ఇవ్వడం మేలు. దీన్నే పీఓఈ అంటారు. మామూలు పీఓఈ ప్రమాణంలో స్విచ్ 15.4 వాట్లు ఇస్తుంది, పరికరానికి 12.95 వాట్లు గ్యారంటీ. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. స్విచ్ యూపీఎస్ మీద ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు అన్ని తలుపులూ ఒకేసారి మూగబోతాయి.

రెండు మీటర్ల కేబుల్ అదనంగా చుట్టి వదలండి. గేట్‌వే జరపాల్సి వస్తే అప్పుడు ఉపయోగపడుతుంది.

9. తలనొప్పి చోట్లు

లిఫ్ట్: క్యాబిన్ ఇనుప పెట్టె, పైగా కదులుతుంది. లోపలి రీడర్‌ను రేడియో మీద నడపకండి, క్యాబిన్‌తో పాటు కదిలే ట్రావెలింగ్ కేబుల్ వాడండి. లిఫ్ట్ పక్క తలుపును లిఫ్ట్ ఆ అంతస్తులో ఉన్నప్పుడు, లేనప్పుడు రెండుసార్లు కొలవండి.

బేస్‌మెంట్ పార్కింగ్: ఖాళీగా ఉన్నప్పుడు కొలిచిన అంకెకు విలువ లేదు. బళ్లు నిండినప్పుడు కొలవండి.

మెట్ల దారి: చుట్టూ కాంక్రీటు, రెండు వైపులా ఫైర్ డోర్లు. కారిడార్ గేట్‌వేతో నెట్టుకురావడం కంటే మెట్ల లోపలే ఒకటి పెట్టి, పైకీ కిందికీ ఒక్కో అంతస్తు అందుతుందేమో చూడండి.

బయటి గేటు: ఇక్కడ కంటికి కనిపిస్తే చాలదు. రెండు యాంటెన్నాల మధ్య గీత చుట్టూ కొంత గాలి ఖాళీగా ఉండాలి. 50 మీటర్ల దూరానికి 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆ ఖాళీ నడిమధ్యన సుమారు 1.25 మీటర్ల వ్యాసార్థం, 868లో 2 మీటర్లు. అందులో 60 శాతం ఖాళీగా ఉన్నా నడుస్తుంది. అంటే ఆగి ఉన్న వాహనాల పైకప్పుకంటే 2.4లో మీటరైనా, 868లో 1.25 మీటర్లైనా ఎత్తున గీత పోవాలి. చెట్టు కొమ్మలు అడ్డుంటే వానలో తడిసిన ఆకులు ఇంకాస్త సిగ్నల్ తింటాయి. పెట్టెకు ఐపీ65 రక్షణ (దుమ్ము, నీటి చిమ్ములు లోపలికి రానివ్వని ప్రమాణం) ఉండాలి, కేబుల్ రంధ్రం కింది వైపు ఉండాలి.

10. అగ్ని ప్రమాదం: ఇక్కడ రేడియోను నమ్మొద్దు

ఫైర్ అలారం మోగినప్పుడు తలుపులు విడిపించే ఏర్పాటు రేడియో మీద ఆధారపడకూడదు. మ్యాగ్నెటిక్ లాక్ ఉన్న చోట అలారం ప్యానెల్ నుంచి తీగ ద్వారా లాక్ కరెంటు కోసేలా ఉండాలి. బ్యాటరీ లాక్ ఉన్న చోట లోపలి హ్యాండిల్ తిప్పితే, కార్డు, కరెంటు, సిగ్నల్ ఏవీ లేకపోయినా తెరుచుకోవాలి. స్థానిక అగ్నిమాపక నిబంధనలు ఏం అడుగుతాయో డిజైన్ దశలోనే కనుక్కోండి. ఫైర్ డోర్‌కు కొత్త రంధ్రాలు చేస్తే దాని సర్టిఫికెట్ చెల్లకుండా పోవచ్చు.

11. తరచూ వచ్చే ఫిర్యాదులు, వాటి మూలాలు

"పగలు ఆఫ్‌లైన్, రాత్రి ఆన్‌లైన్": వైఫై రద్దీ, లేదా మనుషుల అడ్డు. ఛానెల్ మార్చండి, గేట్‌వేను ఎత్తుకు చేర్చండి.

"తలుపు తెరిచి ఉంటే బాగుంది, మూస్తే పోతోంది": ఇనుప తలుపు, రేడియో అవతలి వైపు. తలుపుకు ఆ వైపున్న గేట్‌వేతో జత చేయండి.

"లాక్ తెరుచుకున్న ప్రతిసారీ డోర్ కంట్రోలర్ ఆఫ్‌లైన్ అవుతోంది": ఇది సిగ్నల్ సమస్యలా కనిపిస్తుంది, కానీ చాలాసార్లు కాదు. లాక్ కాయిల్ కరెంటు తెగినప్పుడు వచ్చే వోల్టేజ్ కుదుపు కంట్రోలర్‌ను రీసెట్ చేస్తుంది. డీసీ లాక్ అయితే కాయిల్ దగ్గరే డయోడ్ (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే భాగం) పెట్టండి, గీత ఉన్న కొన పాజిటివ్ వైపు. లాక్‌కూ కంట్రోలర్‌కూ ఒకే చిన్న అడాప్టర్ ఉంటే వేరు చేయండి. దీనికోసం రిపీటర్లు కొన్నవాళ్లు తక్కువేమీ లేరు.

"ఒకేసారి ఐదారు తలుపులు పోయాయి": అవన్నీ ఒకే రిపీటర్ వెనక ఉన్నాయేమో చూడండి. ముందు దాని కరెంటు.

"బిగించినప్పుడు బాగుంది, కొన్ని నెలలకు పాడైంది": మధ్యలో ఏం వచ్చిందో తిరిగి చూడండి. ఇనుప బీరువాలు, కొత్త పార్టిషన్, కొత్త వైఫై.

12. అప్పగించే ముందు

- ప్రతి తలుపుకు మూసినప్పటి అంకె, రెండు దిక్కులా, తేదీతో రాసి పెట్టారు
- జనం ఉన్న వేళ ఒకసారి కొలిచారు
- ఒక కార్డును రద్దు చేసి, అది ప్రతి ముఖ్యమైన తలుపు దగ్గరా ఎంతసేపటికి ఆగిందో చూశారు
- గేట్‌వే కేబుల్ పీకి, ఏ తలుపులు పోయాయో, అలర్ట్ ఎవరికి వచ్చిందో చూశారు
- కరెంటు కోసి యూపీఎస్ ఎంతసేపు నిలబెట్టిందో చూశారు
- ఫైర్ అలారం మోగించి తలుపులు విడివడ్డాయని చూశారు
- గేట్‌వే డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చారు
- గేట్‌వేలు, రిపీటర్లు, ఛానెళ్లు గుర్తించిన ప్లాన్ ఒకటి భవనం నిర్వాహకులకు, ఒకటి మీ దగ్గర
- సీలింగ్ పైన దాచినవాటి కింద పలకకు చిన్న స్టిక్కర్ అంటించారు

రాసి పెట్టిన అంకెలను ఆరు నెలలకోసారి కొత్తవాటితో పోల్చండి. ఏదైనా తలుపు 10 డెసిబెల్స్ పడిపోతే, ఫిర్యాదు రాకముందే వెళ్లి చూడండి.